విశాఖ మ్యూజియంలు, చిత్రశాలలు: గైడు లేకుండా నడిచి చూడాలంటే ఏ వరుసలో వెళ్లాలి?

ప్రశ్న: తెనాలి బాటసారి

నమస్కారమండి. డిసెంబరు మొదటి వారంలో మా అమ్మగారిని, మా అమ్మాయిని తీసుకుని విశాఖపట్నం రావాలనుకుంటున్నాను. అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం చదువుతోంది. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. సమతలం మీద నెమ్మదిగా ఎంతసేపైనా నడవగలదు కాని, నిలువు మెట్లు ఎక్కి దిగడం కష్టం. బస జగదాంబ జంక్షన్ దగ్గర కుదిరింది.

టూరు బస్సుల్లో వెళితే ఒక్కో చోట హడావిడిగా దింపి, మళ్లీ ఎక్కించి తీసుకుపోతారు. అలా కాకుండా, మా తీరికను బట్టి నడుస్తూ మ్యూజియంలు, ఆర్ట్ గ్యాలరీలు చూడాలని మా కోరిక. బీచ్ రోడ్డు మీద నాలుగైదు మ్యూజియంలు దగ్గర దగ్గరగా ఉన్నాయని విన్నాను. వాటిని ఏ వరుసలో చూస్తే బాగుంటుంది? ఒక్క రోజు సరిపోతుందా? మా అమ్మాయి చదువుకు పనికివచ్చే చిత్రశాలలు నగరంలో ఎక్కడున్నాయి? అమ్మ ఎక్కలేని చోట మేము లోపల ఉన్నంతసేపు ఆమె కూర్చోవడానికి వీలుంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: చినవాల్తేరు వాసి

మీరు విన్నది నిజమేనండి. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా సుమారు మూడు కిలోమీటర్ల బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియం, కురుసురా సబ్‌మెరైన్, టీయూ-142 విమానం, విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం, మత్స్యదర్శిని, హవా మహల్ అన్నీ ఉన్నాయి. ఒక పక్క సముద్రం, మరో పక్క భవనాలు కాబట్టి దారి తప్పే ప్రసక్తి లేదు. అయితే ఇక్కడ దూరం సమస్య కాదు, వేళలు సమస్య. సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం తెరవరు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటాకే లోపలికి పంపుతారు, ఆదివారం మాత్రం ఉదయం కూడా తెరుస్తారు. అందువల్ల పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికల్లా అన్నీ చూసి తిరిగివద్దామనుకునేవారు మూసిన గేట్ల ముందు నిలబడవలసి వస్తుంది. సోమవారాన్ని మీ ప్రణాళికలోంచి తీసేయండి. బయలుదేరేముందు ఆనాటి వేళలు ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే పండుగ రోజుల్లో, మరమ్మతుల సమయంలో మారుతుంటాయి.

నా సలహా ఏమిటంటే, మొదట విశాఖ మ్యూజియం చూడండి. డచ్చివారి కాలపు బంగళాగా చెప్పుకొనే పాత భవనంలో 1991లో దీన్ని ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జమీందారుల ఆయుధాలు, దుస్తులు, నాణేలు, తైలవర్ణ చిత్రాలు, పాత పటాలు ఇక్కడ కనిపిస్తాయి. ప్రదర్శన తీరు కొంత పాతకాలపుది, వివరాల పలకలు ఇంకా విపులంగా ఉండవచ్చుననిపిస్తుంది. అయినా దీన్ని ముందు చూడమనడానికి ఒక కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిపోయిన ఒక బాంబు ఈ మ్యూజియంలో ఉంది. అది చూసి బయటికి వచ్చి సముద్రం వైపు తిరిగితే, ఈ ఊరికి నౌకాదళం ఎందుకు ఇంత ముఖ్యమైందో, తరువాత చూడబోయే సబ్‌మెరైన్, విమానం ఇక్కడికే ఎందుకు వచ్చాయో అర్థమవుతుంది. ఈ వరుసను తిరగేస్తే, అంటే సబ్‌మెరైన్ ముందు చూసి వస్తే, ఆ జమీందారీ కత్తులు, పటాలు పిల్లలకు చప్పగా తోస్తాయి.

మ్యూజియం తరువాత కురుసురా, దాని ఎదురుగా టీయూ-142, చివరగా పొద్దు వాలే వేళకు యుద్ధ స్మారకం. ఇది ఒక మధ్యాహ్నం, ఒక సాయంత్రం పని. హవా మహల్ ఒకప్పటి జయపురం సంస్థానాధీశుల సముద్రతీర భవనం. అది ఎప్పుడూ తెరిచి ఉండే మ్యూజియం కాదు. చేనేత, హస్తకళల ప్రదర్శనలు జరిగే రోజుల్లో తలుపులు తెరిచి ఉంటే తప్పక లోపలికి వెళ్లండి, లేకపోతే బయటి నుంచి ఆ వరండాలను చూసి సాగిపోండి. మత్స్యదర్శిని చేపల ప్రదర్శనశాల. మీ ప్రయోజనానికి అది అంత అవసరం లేదు.

డిసెంబరు మొదటి వారం అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. విన్యాసాలు ఆర్కే బీచ్‌లో ఏర్పాటు చేసిన సంవత్సరాల్లో ఆ రోజూ, అంతకుముందు రిహార్సల్సు జరిగే రోజుల్లోనూ సాయంత్రం బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు, జనం విపరీతంగా వస్తారు. విన్యాసాలు చూడాలనుకుంటే అది వేరే సంగతి. మ్యూజియంలు తీరికగా చూడాలంటే మాత్రం ఆ రోజులు తప్పించండి.

జవాబు: మాజీ నావికుడు

పైవారు చెప్పిన వరుస బాగుంది. సబ్‌మెరైన్ లోపల ఏం చూడాలో నేను కొంచెం వివరిస్తాను, ఎందుకంటే చాలామంది లోపలికి వెళ్లి, ఫోటోలు దిగి, పది నిమిషాల్లో బయటపడతారు.

ఐఎన్‌ఎస్ కురుసురా సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధ సమయంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది, 2001 ఫిబ్రవరిలో సేవల నుంచి విరమించింది. ఆ తరువాత దాన్ని తీరానికి లాగి తెచ్చి, కాంక్రీటు పునాది మీద నిలిపి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్ల పైచిలుకు. లోపల ఏడు అరలు. ఒక అర నుంచి మరో అరకు వెళ్లడానికి గుండ్రటి ఇనుప ద్వారాలుంటాయి. నీరు చొచ్చుకొస్తే ఒక అరను మూసివేసి మిగతావాటిని కాపాడుకోవడానికి వాటిని అలా చిన్నవిగా, బిగువుగా కట్టారు. వంగి, కాలు ఎత్తి పెట్టి దాటాలి. మీ అమ్మగారికి ఇది పనికిరాదు, ఆవిడను బలవంతపెట్టకండి.

ముందు అరలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనుక నాలుగు. డెబ్బై అయిదు మంది దాకా సిబ్బంది వారాల తరబడి ఈ గొట్టాల పక్కన, యంత్రాల సందున, ఒకరు లేచిన పడక మీద మరొకరు పడుకుంటూ గడిపేవారు. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి, స్నానం అన్న మాటే లేదు. నీటిపైన ఉన్నప్పుడు మూడు డీజిల్ ఇంజన్లు నడుస్తాయి. అవి గాలి లేకుండా పనిచేయవు కాబట్టి, మునిగినప్పుడు బ్యాటరీల మీద విద్యుత్ మోటార్లు నడుపుతారు. బ్యాటరీలు తగ్గగానే మళ్లీ గాలి కోసం పైకి రావాలి, శత్రువు కంటపడే ప్రమాదం ఆ సమయంలోనే ఎక్కువ. లోపల తిరిగేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ప్రతి కవాటం, ప్రతి కొలమానం ఎందుకుందో మీకే తెలుస్తుంది.

గైడు లేకుండా అన్నారు కాని, ఇక్కడ మాత్రం ఆ నియమం సడలించండి. లోపల ఉండి వివరించేవారు విశ్రాంత నౌకాదళ సిబ్బంది. మీరు అడిగితేనే వారు అసలు సంగతులు చెబుతారు. అడగకపోతే వెనుక వచ్చే గుంపును ముందుకు నడిపించడం వారి పని అవుతుంది. ఆదివారం సాయంత్రం వెళితే వారికి మాట్లాడే తీరిక ఉండదు, వారం మధ్యలో తెరవగానే వెళ్లండి.

ఎదురుగా ఉన్న టీయూ-142 ఈ కథలో రెండో వైపు. సబ్‌మెరైన్ దాక్కునేది, ఈ విమానం వెతికేది. 1988 నుంచి 2017 మార్చి వరకు మన నౌకాదళంలో పనిచేసిన ఈ రకం విమానాలు ఒక్క ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరాయి. నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. విడదీసి రోడ్డు మీద తెచ్చి, ఇక్కడ మళ్లీ బిగించారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. పక్కనున్న హాలులో సోనోబాయ్‌లు ఉంటాయి. అవి విమానం నుంచి సముద్రంలో జారవిడిచే శబ్దగ్రాహకాలు. నీటి కింద ఇంజను చప్పుడు విని పైకి కబురు పంపుతాయి. వాటిని చూడకుండా విమానం ఎక్కి దిగి వచ్చేస్తే సగం చూసినట్టే. ఈ హాలు మీ అమ్మగారు కూడా చూడవచ్చు, విమానంలోకి మాత్రం మెట్లెక్కాలి.

అక్కడే సీ హారియర్ యుద్ధ విమానం ప్రదర్శన కూడా ఉంది. నేల మీద పరుగు తీయకుండా నిలువుగా దిగగల విమానం అది. ఓపిక ఉంటే చూడండి, లేకపోతే వదిలేయండి. నా మటుకు సబ్‌మెరైన్ చూసిన కళ్లకు అది అంత ఆనదు.

యుద్ధ స్మారకం దగ్గర ఒక మాట. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీటి లోతులో పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. ఘాజీ తాను పరచిన మందుపాతర వల్లో, లోపల జరిగిన పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ వాదన. రెండు వాదనలూ తెలుసుకుని ఆ స్మారకం ముందు నిలబడటం మంచిది. ఘాజీలో ఉన్నవారంతా పోయారు.

జవాబు: రంగులపెట్టె

నేను చిత్రలేఖనం బోధిస్తాను. మీ అమ్మాయి కోసం అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, అది మీకు కొంత నిరాశ కలిగించవచ్చు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలా, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలా శాశ్వత కళాసంచయం ఉన్న పెద్ద చిత్రశాల విశాఖలో లేదు. ఇది రేవు పట్నం, ఉక్కు పట్నం, నౌకాదళ పట్నం. ఇక్కడ మ్యూజియం అంటే నౌక, విమానం, బాంబు. చిత్రప్రదర్శనలు జరుగుతాయి, కాని అవి తాత్కాలికం. హవా మహల్‌లోనో, ఏదో హోటలు హాలులోనో నాలుగు రోజులుండి వెళ్లిపోతాయి. మీరు వచ్చే వారానికి ముందు స్థానిక పత్రికల జిల్లా పేజీలు చూస్తే ఏది నడుస్తోందో తెలుస్తుంది.

అయితే కళ లేదని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. వెళ్లి, విద్యార్థినినని చెప్పి, స్టూడియోలు చూడవచ్చా అని మర్యాదగా అడగమనండి. పూర్తయిన చిత్రాలను గోడ మీద చూడటం కంటే, సగంలో ఉన్న శిల్పం పక్కన మట్టి పిసుకుతున్న తోటి విద్యార్థితో అరగంట మాట్లాడటం ఆ వయసులో ఎక్కువ నేర్పుతుంది. ఆ ఆవరణలో చెట్ల కింద నడక మీ అమ్మగారికి కూడా హాయిగా ఉంటుంది. తాళపత్రాల మీద ఆసక్తి ఉంటే అక్కడి డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ముందుగా అనుమతి అడగండి.

ఇక ఈ ఊరికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన కళ ఒకటుంది, అది ఇక్కడి నడకలో ఎక్కడా కనిపించదని చెప్పడం నాకు బాధగానే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖ కంసాలులు తూర్పిండియా కంపెనీ దొరల కోసం చేసిన దంతపు పని గురించి చెబుతున్నాను. రోజ్‌వుడ్ కర్రతో, ఎబొనీ అనే నల్లని కర్రతో కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేసి, వాటిలో ఏనుగు దంతం ముక్కలు పొదిగి, దంతం మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. అంచుల్లో కనిపించే తీగలు, పూలు చూస్తే ఈ కోస్తాలోనే నేసి అద్దిన కలంకారీ బట్టల పూలతీగలు గుర్తుకు వస్తాయి. కర్ర మీది పనివాడు, బట్ట మీది పనివాడు ఒకే పూవును చూసి గీశారనిపిస్తుంది. తరువాతి కాలంలో గంధపు చెక్క పెట్టెలకు దంతపు రేకులు తొడగడం, తాబేటి చిప్పతో, గేదె కొమ్ముతో, ముళ్లపంది ముళ్లతో పెట్టెలు చేయడం వచ్చాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవి ఉన్నాయి. దాని వెబ్‌సైటులో ఇంగ్లీషులో 'Vizagapatam' అని వెతికితే మీ అమ్మాయి ప్రతి వస్తువును దగ్గరగా పెద్దది చేసి చూడగలదు. విశాఖ రాకముందే అది చూసి, కొన్ని నమూనాలు పుస్తకంలో గీసుకుని రమ్మనండి. అప్పుడు విశాఖ పాతఊరైన వన్‌టౌన్ వీధుల్లో నడిచేటప్పుడు ఆ పని ఏ ఇళ్లలో జరిగి ఉంటుందో ఊహించుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఈ ప్రాంతపు బతికి ఉన్న కళ చూడాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి. అంకుడు కర్రను తరిమెన (కర్రను గిర్రున తిప్పే పరికరం) మీద తిప్పుతూ, ఆ వేడికే కరిగే లక్కరంగును అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరు అనకాపల్లి దాటాక వరాహ నది ఒడ్డున ఉంది కాబట్టి నడక పరిధిలోకి రాదు; నగరంలో లేపాక్షి దుకాణంలో బొమ్మలు దొరుకుతాయి, కాని బొమ్మను చూడటం వేరు, చేయి తిరిగిన పనివాడి ముందు కూర్చోవడం వేరు. ఒక పూట కేటాయించగలిగితే అక్కడికి వెళ్లమనే నా సలహా.

తెనాలి బాటసారి (అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలండి. దంతపు పని గురించి మా అమ్మాయికి చదివి వినిపించాను, అప్పుడే వెతకడం మొదలుపెట్టింది. మాకు రెండు పూర్తి రోజులుంటాయి. మొదటి రోజు మధ్యాహ్నం నుంచి బీచ్ రోడ్డు అనుకుంటున్నాను. రెండో రోజు ఉదయం వన్‌టౌన్ నడవదగినదేనా? అక్కడ అసలు మ్యూజియం ఏదైనా ఉందా? కైలాసగిరి మీద తెలుగు మ్యూజియం ఉందంటున్నారు, అది అమ్మకు అనుకూలమా?

జవాబు: పాతూరి పౌరుడు

వన్‌టౌన్‌లో టిక్కెట్టు పెట్టి చూపించే మ్యూజియం లేదండి. కాని గోడలు, రాళ్లు చదవగలిగినవారికి ఊరి పుట్టుక అక్కడే తెలుస్తుంది. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే లారీలు, ఆటోలు, చేపల బుట్టలు కలిసి నడవనివ్వవు.

కురుపాం మార్కెట్ దగ్గర మండపంలో విక్టోరియా రాణి కంచు విగ్రహం ఉంది, 1904 నాటిది. పాతవాళ్లు దాన్ని రాణి బొమ్మ అంటారు. అక్కడి నుంచి రాతితో కట్టిన పాత టౌన్‌హాలు, క్వీన్ మేరీ బాలికల పాఠశాల, పాత యూరోపియన్ సమాధుల తోట ఇవన్నీ దగ్గర దగ్గరలోనే ఉన్నాయి. ఆంగ్లేయులు పదిహేడో శతాబ్దం చివర్లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు; 1804లో ఫ్రెంచి నౌకలు రేవు ముందుకు వచ్చి ఆంగ్లేయుల సెంచూరియన్ నౌకతో పోరాడాయి. రంగులపెట్టెగారు చెప్పిన దంతపు పెట్టెలు కొన్నది ఈ వీధుల్లో కాపురమున్న దొరలే. సమాధుల తోట గేటు తాళం వేసి ఉండవచ్చు, కాపలాదారుణ్ణి అడిగి చూడండి. పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ విశాఖ శాఖవారు అప్పుడప్పుడు ఈ వీధుల్లో వారసత్వ నడకలు నిర్వహిస్తుంటారు. మీరు వచ్చే వారంలో ఏదైనా ఉంటే వారితో కలవండి.

తరువాత రేవు పక్కనున్న మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి. ఎక్కగలిగితే రాస్ హిల్ ఒక్కటీ ఎక్కండి, అక్కడి నుంచి ఓడలు లోపలికి వచ్చే కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. 1933లో తెరిచిన ఈ రేవుకు ఆ కొండే సహజమైన అడ్డుగోడ. మీ అమ్మాయి బొమ్మ గీసుకోవడానికి నగరంలో ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మీ అమ్మగారికి ఈ వీధుల నడక నేను సిఫారసు చేయను. కాలిబాటలు సరిగా లేవు, మురుగు కాలువల మీది పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ ఉదయం ఆవిడను ఆర్కే బీచ్ దగ్గరే ఉండనివ్వండి. తెల్లవారుజామున అక్కడ వాహనాలను ఆపి రోడ్డంతా నడిచేవారికి వదులుతారు, సమతలం, కూర్చోవడానికి గట్లున్నాయి.

జవాబు: చినవాల్తేరు వాసి

కైలాసగిరి సంగతి నేను చెబుతాను. అక్కడిది తెలుగు సాంస్కృతిక నికేతనం. తెలుగువారి చరిత్రను శాతవాహనుల కాలం నుంచి బొమ్మలతో, వెలుతురుతో, వ్యాఖ్యానంతో చూపిస్తారు. పాత వస్తువుల సేకరణ కాదు, కథ చెప్పే ప్రదర్శన అనుకోండి. మ్యూజియం అన్న మాట నమ్మి అసలైన శిల్పాల కోసం వెళ్లేవారు పెదవి విరుస్తారు, పెద్దవాళ్లు, పిల్లలు మాత్రం ఇష్టపడతారు. కొండ పైదాకా వాహనాలు వెళతాయి, రోప్‌వే కూడా ఉంది కాబట్టి మీ అమ్మగారికి ఇబ్బంది లేదు. ఆర్కే బీచ్ నుంచి నడిచే దూరం కాదు, ఆటో మాట్లాడుకోండి.

కాబట్టి రెండో రోజు ఉదయం మీరూ మీ అమ్మాయీ వన్‌టౌన్ చూసుకుని, అల్పాహారం వేళకు బసకు తిరిగి, పదకొండు గంటలకు విశ్వవిద్యాలయానికి ముగ్గురూ కలిసి వెళ్లండి. మధ్యాహ్నం విశ్రాంతి తరువాత కైలాసగిరి. తొట్లకొండ బౌద్ధ క్షేత్రాన్ని కూడా ఇదే రోజు కలుపుకోవాలని ఎవరైనా చెబితే వినకండి. భీమిలి రోడ్డులో ఉన్న ఆ కొండ మీది స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు సావకాశంగా చూడవలసినవి, నీడ తక్కువ. పైగా తెనాలివారికి అమరావతి మ్యూజియం దగ్గరే కాబట్టి, అది చూసి ఇంకోసారి ఇటు వస్తే ఆ శిల్పాలకూ ఈ కట్టడాలకూ ఉన్న చుట్టరికం మీ అమ్మాయికి తేలిగ్గా పట్టుబడుతుంది.

మొదటి రోజు అమ్మగారు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న మిగిలింది. మీరు కురుసురాలో ఉన్నంతసేపు రోడ్డు దాటించి టీయూ-142 ఆవరణలో హాలు దగ్గర కూర్చోబెట్టండి. ఇసుక వైపు గట్టు మీద మధ్యాహ్నం ఎండ డిసెంబరులో కూడా గట్టిగానే ఉంటుంది. మీరు సబ్‌మెరైన్ నుంచి వచ్చాక హాలు ముగ్గురూ కలిసి చూసి, విమానం మీరిద్దరూ ఎక్కి, ఆ పైన స్మారకం వైపు నడవవచ్చు. దారిలో మూరీ మిక్చర్ బండ్లుంటాయి; కారం తగ్గించమని ముందే చెప్పకపోతే విశాఖ కారమే వేస్తారు.